బాబాయి నామినీ

నేను పాఠాలు చెప్పే చిన్నపిల్లల బడిని ఒక వేసవి సెలవుల్లో దాని యజమాని జిమ్ముగా మార్చేశాడు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. సెలవులైపోయాక టిఫిన్ డబ్బా, గొడుగు పట్టుకుని వెళ్ళి తలుపు తోస్తే, క అంటే కబూతర్ అని నేనే రంగులేసి రాసిన గోడకి ఎదురుగా ఒక వస్తాదు బరువులెత్తుతున్నాడు. నన్ను చూసి బరువు దించి, చెమట తుడుచుకుని, "దీదీ, మెంబర్ బన్‌నా హై క్యా?" అని మర్యాదగా అడిగాడు. నా ఉద్యోగం పోయిందని నాకు అలా తెలిసింది.

ఇంటికొచ్చి చెబితే నాన్న, "పోన్లే, ఆ గుంటల ముక్కులు తుడిచే పని తప్పింది" అన్నాడు. రిటైరై మా దగ్గరే ఉంటున్న నాన్న, ఉక్కు ప్లాంటులో బొగ్గుని కోకుగా కాల్చే కోకోవెన్ల దగ్గర పనిచేశాడు. అక్కడి హోరులో ఏళ్ళ తరబడి అరిచి మాట్లాడడం అలవాటై, ఇప్పుడు చెవిలో గుసగుసలాడినా మా వీధి చివర పాల బూత్ దాకా వినిపిస్తుంది. రుఆబాంధాలో, అంటే మా కాలనీలో, మా ఇంటికి రహస్యాలంటూ లేకపోవడానికి కారణం అదే.

ఆ రోజుల్లోనే మా ఆయనకి పాలసీ అమ్మడానికి ఒక బీమా ఆఫీసరు వచ్చాడు. మా ఆయన రైల్వే మనిషి. ఎదుటివాళ్ళు ఎంత చెప్పినా, సిగ్నల్ పడని గూడ్సు బండిలా కదలకుండా కూర్చోగలడు. ఆఫీసరు చెప్పి చెప్పి అలిసిపోయి కాగితాలు సర్దుకుంటుంటే, నేను మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ, "బాగా చెప్పారండీ, కానీ చివర్లో తొందరపడ్డారు. మధ్యలో ఒక ప్రశ్న అడిగుండాల్సింది" అన్నాను. టీచరు బుద్ధి, ఊరుకోలేదు. ఆయన గ్లాసు నోటి దగ్గరే ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మేడమ్, ఆప్ ఏజెంట్ బనియే" అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో పాలసీ అమ్ముడుపోలేదు గానీ నేను అమ్ముడుపోయాను.

పరీక్ష రాశాను, పాసయ్యాను. ట్రైనింగు నెహ్రూ నగర్‌లో, ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో. కింద జిలేబీలు వేస్తున్నంతసేపూ పైన మాకు పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. అయినా ఆఫీసరుగారు మాకందరికీ ఒక విషయం మాత్రం బాగా నూరిపోశారు. ఏజెంటు నోట చావు అన్న మాట రాకూడదు. వస్తే కస్టమర్ బెదిరిపోతాడు. మరి ఎలా చెప్పాలి? ముందు "భగవాన్ న కరే", దేవుడు అలా చెయ్యకూడదు గానీ, అనాలి. ఒక్క క్షణం ఆగాలి. కళ్ళు మెల్లగా పైకెత్తాలి. అప్పుడు "అగర్ కుచ్ హో గయా తో..." అని వాక్యాన్ని గాల్లో వదిలేయాలి. మిగతాది కస్టమరే పూర్తి చేసుకుంటాడు. మేమంతా వరసగా నిలబడి దాన్ని సాధన చేశాం. టీ ఇవ్వడానికి వచ్చినాయన మా అందరి చూపులూ చూసి, తనూ పైకి చూసి, ఒక చీపురు తెచ్చి, "కహాఁ హై ఛిప్‌కలీ?" అన్నాడు, బల్లి ఎక్కడని.

నా చిక్కేమిటంటే, నేను వెళ్ళాల్సిన ఇళ్ళన్నీ తెలుగిళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి ప్లాంటు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన నాన్న స్నేహితులవి. నేను ఇక్కడే పుట్టాను. నా తెలుగు వంటింటికి, తిట్లకి సరిపోతుంది గానీ వ్యాపారానికి చాలదు. అందుకని నాన్ననే అడిగాను.

"నాన్నా, భగవాన్ న కరే కుచ్ హో గయా తో అన్నదాన్ని తెలుగులో ఎలా చెప్పాలి?"

"ఏటైనా అయితే, అను."

"ఏదైనా అంటే జలుబు కూడా ఏదైనాయే కదా."

"గుటుక్కుమంటే, అను."

"ఛీ."

"టపా కట్టీస్తే."

"నాన్నా, పెద్దవాళ్ళ ఇంటికెళ్ళి చెప్పాలి."

"అయితే, నూకలు చెల్లిపోతే, అను. అది పెద్దమాటే."

"వాళ్ళు రేషను సంగతనుకుంటారు."

"మరైతే హరీమంటే అనీ. దేవుడి పేరు కూడా ఉన్నాది, మర్యాదగా ఉంటాది."

నాన్నకి ఈ పని బాగా నచ్చింది. స్నానం చేస్తూ కూడా గుర్తొచ్చినవన్నీ బాత్రూంలోంచి అరిచి చెప్పేవాడు. "కాటికి కాళ్ళు జాపితే!" "కాదు కాదు, అది ఇంకా పోనోడికి!" పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీకి తెలుగు రాదు గానీ ఆ గొంతులో ఏదో తేడా కనిపెట్టి, "కా హోగే బహినీ?" అని గోడ మీదుగా అడిగింది, బాబూజీ బాగానే ఉన్నారా అని. చివరికి 'జరగరానిది జరిగితే' అన్న మాట దగ్గర నాన్నా నేనూ రాజీపడ్డాం. అద్దం ముందు నిలబడి, కళ్ళు పైకెత్తి, దాన్నే వల్లించుకున్నాను.

ఏజెంటు చూడగానే నమ్మకంగా కనబడాలని ట్రైనింగులో చెప్పారు కాబట్టి ఒక నల్లకోటు కొన్నాను. చీర మీద ఆ కోటు వేసుకుని మొదటిరోజు మా మార్కెట్లోకి అడుగుపెట్టానో లేదో, ఒక ముసలాయన చేతులు జోడించి ఎదురొచ్చాడు. తమ్ముడు గోడ జరిపేశాడట. నన్ను వకీలనుకున్నాడు. నేను కాదంటుంటే ఆయన వినలేదు. అరుగు మీద కూర్చోబెట్టి గోడ ఎంత జరిగిందో చేతుల్తో కొలిచి చూపించాడు. పాపం అంత బాధగా చెబుతుంటే మధ్యలో లేవలేక, "మీ తమ్ముడితో ఒకసారి కూర్చుని మాట్లాడండి" అని సలహా ఇచ్చాను. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు, ఒకావిడ అత్తగారి మీద కేసు వెయ్యడానికి. ఆ ఎండలో ఆ కోటులో నేను ఇడ్లీపాత్రలో ఇడ్లీలా ఉడికాను గానీ ఒక్క పాలసీ రాలేదు. మర్నాడు కోటు తీసి బీరువాలో పడేశాను.

అప్పుడు నాన్నే అన్నాడు. "ముందు మనోడి ఇంటికెల్దాం పద. బోణీ వాడి చేతే చేయిద్దాం."

మనోడు అంటే నేను బాబాయని పిలిచే నాన్న స్నేహితుడు. ఊరి నుంచి ఒకే రైల్లో వచ్చిన వాళ్ళు. ఆయన నాన్నకంటే బాగా చిన్నవాడు, రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్ళుంది. అదే ప్లాంటులో, రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. రోజంతా ఎత్తున కేబిన్లో కూర్చుని, కింద ఎవరు ఎటు కదులుతున్నారో చూసుకోవడమే ఆయన పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. సోఫాలో కూర్చుని కూడా అందరినీ పైనుంచి చూస్తున్నట్టే చూస్తాడు. ఆయన భార్య, మా పిన్ని, నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగింది. ఇంతకంటే సులువైన ఇల్లు దొరకదనుకున్నాను.

"నాన్నా, నువ్వు రా, కానీ నోరు విప్పకూడదు" అన్నాను.

"నేనేటి మాటాడతాను? నాకేటి తెలుసు?" అన్నాడు నాన్న.

ఆదివారం ఉదయం వెళ్ళాం. పిన్ని ఉప్మా పెట్టింది. తిన్నాక గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"బాబాయ్, జీవితం చాలా విలువైనది."

"అవునమ్మా" అన్నాడు బాబాయి.

"ఎప్పుడేం జరుగుతుందో ఎవరికీ తెలీదు."

"నిజమే. నిన్న చూడు, చెప్పా పెట్టకుండా నీళ్ళ మోటర్ కాలిపోనాది."

"అందుకనే..." ఒక్క క్షణం ఆగాను. కళ్ళు మెల్లగా పైకెత్తాను. "జరగరానిది జరిగితే..."

పిన్ని కూడా పైకి చూసింది. వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "దులుపుదామనే అనుకుంటన్నానే. మోకాళ్ళు నొప్పులు. బల్లెక్కలేకపోతన్నాను."

"బూజు గురించి కాదు పిన్నీ. బాబాయికి జరగరానిది ఏదైనా..."

"ప్రమోషనా?" అంది పిన్ని. "అది ఎప్పుడో జరగాలమ్మా. ఆ ఫోర్‌మేను జరగనియ్యలేదు."

"ప్రమోషన్ కాదు. ఒకవేళ, మాటవరసకి, బాబాయి లేకపోతే..."

"లేకపోతే ఏటమ్మా? బీ షిఫ్టులో రోజూ ఉండరు కదా. కుక్కర్ పెట్టుకుని సీరియలు చూస్తాను."

నేను మళ్ళీ కళ్ళు పైకెత్తాను. ఈసారి బాబాయి కూడా ఎత్తాడు. ముగ్గురం కలిసి ఫ్యాను కేసి చూస్తూ ఉండిపోయాం. అంతసేపూ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న నాన్న ఇక ఆగలేకపోయాడు.

"ఓ చెల్లెమ్మా! నీ మొగుడు సచ్చిపోతే నీకు డబ్బులొస్తాయి! అదీ సంగతి!"

కోకోవెన్ల గొంతు. ఎదురు క్వార్టర్ తలుపు తెరుచుకుంది. బయట స్కూటర్ తుడుచుకుంటున్న మనిషి తుడవడం ఆపి ఇటు చూశాడు. నా ఉద్యోగం మొదలవకుండానే ముగిసిందనుకున్నాను.

పిన్ని చీర కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ నా దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఎవరికీ? నాకా?"

"నీకే పిన్నీ."

"ఈయన చెల్లెలికి కాదు కదా?"

"కాదు. నామినీ అని నీ పేరే రాస్తాం."

బడిలో పనిచేసినన్నాళ్ళూ అంత శ్రద్ధగా విన్న విద్యార్థిని నాకు దొరకలేదు. పిన్ని అడుగుతున్న కొద్దీ నేను ఉత్సాహంగా చెప్పాను. మామూలుగా పోతే ఇంత, ప్రమాదంలో పోతే అంతకు అంత. అది విని పిన్ని బాబాయిని కొంచెం జాలిగా, కొంచెం లెక్కగా చూసింది. ఆ చూపు బాబాయికి నచ్చలేదు.

ట్రైనింగులో ఇంకో మాట చెప్పారు. కస్టమర్ కలలు కనేలా చెయ్యాలి. అందుకని, "ఆ డబ్బుతో ఏం చేస్తావు పిన్నీ?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ముందు కాశీ వెల్తాను. ఈయన రారు, నన్ను వెల్లనియ్యరు. వంటింట్లో గట్టు ఎత్తు తగ్గిస్తాను. ఆ సోఫా కవర్లు నాకు నచ్చవు, మార్చీస్తాను. వరండాలో ఆ పాత స్కూటరున్నాది చూడు, నడవదు, అమ్మరు, దాన్ని పంపీస్తాను."

అప్పటిదాకా ఓర్చుకున్న బాబాయి స్కూటర్ దగ్గర లేచాడు. "అదేటి చేసిందే నిన్ను? నేను పోయిన్రోజే పంపీస్తావా?"

"ఆ రోజు ఎలాగ? ఇంటినిండా జనాలుంటారు" అంది పిన్ని. "మర్నాడు."

బాబాయి లోపలికెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిన్ని గుమ్మం దాకా వచ్చి, "మళ్ళీ రా అమ్మా, మిగతాది కూడా చెప్పు" అంది. దారిలో నాన్న, "చూశావా, నేను లేకపోతే ఇంకా బూజు దగ్గరే ఉండేదానివి" అన్నాడు.

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం అన్నం వేళకి బాబాయి మా గుమ్మంలో నిలబడ్డాడు. డ్యూటీ బ్యాగు భుజానికే ఉంది.

"ఏటి వండావమ్మా?"

చేపల పులుసు. కూర్చుని కడుపునిండా తిన్నాడు. రాత్రికీ వచ్చాడు. మర్నాడు పొద్దున్నే టీకి కూడా వచ్చాడు. నాన్నకి అనుమానం వచ్చింది. స్నేహితుడి మీద కాదు, పులుసు మీద. తనకి రోజూ వచ్చే తల ముక్క బాబాయి కంచంలోకి పోతోంది.

"ఏరా, నీ ఇంట్లో పొయ్యి లేదేటి?" అని అడిగాడు.

బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నా, ఆ రోజు నుంచీ అది నాతో మర్యాదగా మాటాడతంది. అడక్కుండా టీ పెడతంది. టీ నిండా అల్లం. ఇన్నాళ్ళూ ఎప్పుడైనా అల్లం వేసిందా?"

"జలుబు చేసిందని వేసుంటాది."

"నాకు జలుబు లేదు కదా! బాత్రూం ముందు నేల సబ్బుతో తోమింది. కాలు జారింది. ప్రమాదం అయితే అంతకు అంతని మీ అమ్మాయే చెప్పింది."

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. కానీ నా మొదటి కస్టమర్ తన ఇంట్లో టీ కూడా తాగలేని స్థితికి వచ్చాడని తలుచుకుంటే కొంచెం భయంగానూ ఉంది. ఆఫీసరుగారికి ఫోన్ చేసి చెబితే ఆయన, "వెరీ గుడ్, ఇంటరెస్ట్ ఆ రహా హై" అన్నారు.

ఆ సాయంత్రమే పిన్ని వచ్చింది. చేతిలో స్టీలు క్యారేజీ. రోడ్డు మీద నుంచే మొదలుపెట్టింది.

"నా మొగుణ్ణి నాకిచ్చీవే! పాలసీ వద్దు, ఏటీ వద్దు! బెండకాయ వేపుడు చేసి కూకుంటే ముట్టుకోరు. నువ్వు తినీసి చూపించు అంటారు. నేను ముద్ద తింటే, కాసేపు ఆగి నాకేటీ కాలేదని చూసి, అప్పుడు తింటారు. కుక్కకి పెట్టి చూసినట్టు!"

"నువ్వే కదే మర్నాడు పంపీస్తానన్నావు!" అన్నాడు బాబాయి మా పడక్కుర్చీలోంచి.

"స్కూటర్ని అన్నాను, మిమ్మల్ని కాదు!"

పక్కింటి దీదీ గోడ మీద మోచేతులు ఆనించి స్థిరపడింది. పాల బూత్ దగ్గర నుంచి ఇద్దరు ముగ్గురు నడిచి వచ్చారు. మధ్యలో నిలబడి నాకు ఏం చెయ్యాలో తోచలేదు. అభ్యంతరం వచ్చిన చోటే అవకాశం ఉంటుందని మిఠాయి దుకాణం మీద నేర్చుకున్న మాట ఒక్కటే గుర్తొచ్చింది. బ్యాగు తెరిచాను.

"బాబాయ్, ఒక పని చేద్దాం. పిన్ని పేరు మీద కూడా ఒక పాలసీ తీసుకో. దానికి నామినీ నువ్వు."

గొడవ ఆగింది. బాబాయి పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అంటే అది పోతే నాకొస్తాదా?"

"నీకే."

"ఆహా" అని పిన్ని వైపు చూశాడు. ఆదివారం పిన్ని చూసిన చూపునే వడ్డీతో తిప్పి ఇద్దామని ఆయన ప్రయత్నం. పిన్ని క్యారేజీ బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి. నేను పోతే ఏటి చేస్తారు? నేను చెప్పలేదా? మీరూ చెప్పండి."

"చెప్తాను. భయమేటి? ముందు రోజూ హోటల్లో బిర్యానీ తింటాను."

"మీకు పడదు. రెండో రోజుకే అరగదు. అప్పుడు?"

"మాత్ర ఏసుకుంటాను."

"మాత్రలు ఎక్కడుంటాయి?"

"బీరువాలో."

"కాదు."

"ఫ్రిజ్ మీద."

"కాదు."

"సరేలే, కొత్తవి కొంటాను. తర్వాత పూరీ వెల్తాను, సముద్రంలో స్నానం చేస్తాను."

"తువ్వాలు?"

"తువ్వాలు తీసుకెల్తాను!"

"ఉతికినవి ఎక్కడుంటాయి?"

బాబాయి నా వైపు చూశాడు, నాకు తెలుసేమోనని. నాన్న వైపు చూశాడు. నాన్న పైకి చూశాడు. బాబాయి వేళ్ళు విరుచుకుంటూ, "గేసు బుక్ చెయ్యడం నీ ఫోన్లోనే కదా?" అని అడిగాడు నెమ్మదిగా. "అవును" అంది పిన్ని. "కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయి?" "పొద్దున్నే, మీరు గురక పెట్టే టైముకి."

అంత ఎత్తున కూర్చుని అంతంత ఇనుప దిమ్మల్ని వేలి కదలికతో తిప్పే మనిషి, మా పడక్కుర్చీలో చిన్నపిల్లాడిలా అయిపోయాడు.

"ఒద్దమ్మా" అన్నాడు నాతో. "ఈ పాలసీలో నాకు లాసు. దీన్నుండనీ."

పిన్ని ముఖం తిప్పుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని కంగారుపడి చూస్తే, నవ్వుతోంది. క్యారేజీ విప్పి, బెండకాయ వేపుడు కంచంలో పెట్టి, ముందు తనే ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇదిగో, బతికే ఉన్నాను, తినండి" అంది. బాబాయి తిన్నాడు. నాన్న ఆ రోజు పులుసు గిన్నె తన వైపు లాక్కున్నాడు.

అన్నాలయ్యాక బాబాయే, "ఆ కాగితాలు తే. నా పేరు మీద ఒకటి రాసీ" అన్నాడు. పెన్ను మూత తీశాను. మొదటి పాలసీ. పేరు, పుట్టిన ఊరు అన్నీ రాసి నామినీ దగ్గరకొచ్చేసరికి ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ దీని పేరొద్దు. రాస్తే మళ్ళీ దానికి ఆశ పుడతాది, నాకు అనుమానం పుడతాది. మా సింహాద్రి అప్పన్న పేరు రాయి."

"దేవుడి పేరా బాబాయ్?"

"ఆయనైతే నా చావు కోరడు కదా."

నేను వరండాలోకి వెళ్ళి ఆఫీసరుగారికి ఫోన్ చేశాను. ఆయన నామినీ పేరు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత, "నామినీ కా ఆధార్ కార్డ్ చాహియే, మేడమ్" అన్నారు. లోపలికొచ్చి అదే చెప్పాను.

"ఆధార్ ఎందుకు? కొండ మీద అంత గుడున్నాది. అడ్రసు ప్రూఫు కాదేటి?" అన్నాడు బాబాయి.

"సంబంధం ఏమిటని రాయాలి బాబాయ్? భార్య, కొడుకు, తల్లి, అలా ఉండాలి."

"తండ్రి అని రాయి."

"పుట్టిన తేదీ అడుగుతారు" అన్నాను.

అంతవరకూ గిన్నెలు సర్దుకుంటున్న పిన్ని అక్కడి నుంచే అంది. "అప్పన్నకే రాయనీవే. ఆయన కొండ దిగొచ్చి ఏటి చేసుకుంటాడు డబ్బుల్ని? ఎలాగైనా నాకే ఇచ్చీస్తాడు. మొక్కులన్నీ తీర్చింది నేనే కదా, ఈయనకి తెల్దు."

బాబాయి దీని మీద బాగా ఆలోచించాడు. దేవుడు కూడా పిన్ని పార్టీయే అని తేలిపోయినట్టుంది. పెద్దగా నిట్టూర్చి, "అయితే దాని పేరే రాసీ, మధ్యలో ఆయనకెందుకు శ్రమ" అని సంతకం పెట్టాడు.

దాంతో పని అయిపోలేదు. బాబాయి వయసుకి డాక్టరు పరీక్ష కావాలంది కంపెనీ. ముగ్గురం దుర్గ్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పరగడుపున రావాలి కాబట్టి బాబాయి ఆకలితో ఉన్నాడు. రక్తం తీశారు, బరువు చూశారు. బీపీ చూసిన డాక్టరు కనుబొమ్మలు ఎగరేశాడు. "బహుత్ జ్యాదా హై. థోడా రిలాక్స్ కరియే" అని బయట బెంచీ మీద కూర్చోమన్నాడు. రిలాక్సవమంటే బాబాయికి ఇంకా కంగారు పెరిగింది. మళ్ళీ చూస్తే ఇంకా ఎక్కువుంది. పాలసీ పోయేలా ఉంది.

"బనీను చిరుగు చూసుకున్నారా?" అని అప్పుడు మొదలుపెట్టింది పిన్ని. "డాక్టరు దగ్గరికి ఎవరైనా ఇలాటి బనీనేసుకుని వస్తారా? కొత్తవి మడతపెట్టి పెట్టాను కదా. గోళ్ళు చూడండి, ఎలాగున్నాయో. ఆ చెప్పులు ఎన్నిసార్లు చెప్పాను పారీమని..." అలా చెప్పులు, గడ్డం, పోయిన పెళ్ళిలో ఆయన చదివింపులు మర్చిపోయిన సంగతి, కరెంటు బిల్లు, ఒకే స్వరంలో, ఆపకుండా సాగింది. నేను ఆపబోయాను. అప్పుడు బాబాయి ముఖం చూసి ఊరుకున్నాను. కళ్ళు సగం మూసుకుని, తల గోడకి ఆనించి, హాయిగా ఊపిరి తీసుకుంటున్నాడు.

డాక్టరు మూడోసారి పిలిచి చూసి, మళ్ళీ చూసి, "నార్మల్!" అన్నాడు. "క్యా దియా ఆప్ లోగోఁ నే ఇన్ కో?" అని అడిగాడు, ఏమిచ్చారని.

"కుచ్ నహీఁ" అంది పిన్ని సిగ్గుపడుతూ.

పాలసీ వచ్చింది. ఆఫీసరుగారు నాకు ఒక ప్లాస్టిక్ హాట్‌బాక్సు బహుమతిగా ఇచ్చి, మిఠాయి దుకాణం మీద అందరి ముందూ నా అనుభవం చెప్పమన్నారు. నేను అల్లం టీ సంగతి వదిలేసి మిగతాది చెప్పాను. అందరూ రాసుకున్నారు.

పిన్ని మాత్రం ఏదీ వదల్లేదు. తమ క్వార్టర్లుండే సెక్టార్‌లో మహిళా మండలి భజనకి వెళ్ళి తాళాల మధ్య అందరికీ వివరంగా చెప్పింది. మర్నాటి నుంచి నాకు ఫోన్లు, అన్నీ భార్యల దగ్గర నుంచే. నేను మార్కెట్లోకి అడుగుపెడితే, బీటు కానిస్టేబుల్ వచ్చినట్టు తెలుగు మగాళ్ళు కూరగాయల బళ్ళ వెనక్కి తప్పుకునేవారు. ఒకాయన నన్ను చూసి హడావిడిలో ముల్లంగి కట్ట ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆయనతో ముల్లంగి కట్ట పైనుంచే మాట్లాడాను. మర్యాదగానే జవాబిచ్చాడు గానీ కట్ట దించలేదు. నెలాఖరుకి ఆయనా సంతకం పెట్టాడు, ఆవిడ కూర్చోబెట్టి పెట్టించింది.

ఊరికే ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయని పిన్ని నాతో కూడా తిరగడం మొదలుపెట్టింది. ఈమధ్య ఒకరోజు నా స్కూటీ మీద ఇద్దరం ఉతై అనే ఊరికి వెళ్ళాం. అక్కడ కూరగాయలు పండించే ఒక ఛత్తీస్‌గఢీ రైతు బీమా గురించి అడిగాడని ఎవరో చెప్పారు. పొలం గట్టున నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు. నేను బ్రోచర్ తీసి, గొంతు సవరించుకునేలోపే పిన్ని తనకొచ్చిన హిందీలో అందుకుంది. "భయ్యా, ఆప్ మర్ జాయేగా తో దీదీ కో పైసా మిలేగా." రైతు ఉలిక్కిపడి నా వైపు చూశాడు. గట్టు మీద గడ్డి కోస్తున్న ఆయన భార్య మాత్రం కొడవలి పక్కన పెట్టి, వచ్చి మంచం అంచున కూర్చుంది.

"కతకా?" అని అడిగింది. ఎంత, అని.

రైతు ఒక్కసారి లేచి, పంటకి నీళ్ళు పెట్టాలని చెప్పి, చేను మధ్యలోకి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఎంత పిలిచినా రాలేదు. పిన్నీ ఆవిడా మాత్రం మంచం మీద కూర్చుని భర్తల గురించి గంటసేపు మాట్లాడుకున్నారు, ఒకరు ఛత్తీస్‌గఢీలో, ఒకరు తెలుగులో. ఎవరికి ఎంత అర్థమైందో నాకు తెలీదు గానీ ఇద్దరూ ఒకే చోట నవ్వారు. వచ్చేటప్పుడు ఆవిడ మా సంచి నిండా లేత వంకాయలు పోసింది.

"పాలసీ రాలేదు కదా పిన్నీ" అన్నాను స్కూటీ స్టార్ట్ చేస్తూ.

"వచ్చే వారం వద్దాం" అంది పిన్ని వెనక ఎక్కి కూర్చుని, వంకాయల సంచి ఒళ్ళో సర్దుకుంటూ. "నీళ్ళు ఎంతసేపు పెడతాడు?"